వయోజన యానిమేషన్ హాస్య ధారావాహికల పోలిక

వయోజన యానిమేషన్ హాస్య ధారావాహికలు అనగా పెద్దల కొరకు నిర్మించిన, బొమ్మల రూపంలో నడిచే టెలివిజన్ హాస్య కార్యక్రమాలు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1990వ దశకంలో ఈ తరహా కార్యక్రమాలు బాగా వ్యాప్తి చెందాయి. ది సింప్సన్స్ (1989), సౌత్ పార్క్ (1997), ఫ్యామిలీ గై (1999) వీటిలో ప్రసిద్ధి చెందినవి. వీటిలో ఏది ఎక్కువ నవ్విస్తుంది, ఏ ధారావాహిక హాస్యం మేలైనది అన్న చర్చ అభిమానుల మధ్య రెండు దశాబ్దాలకు పైగా సాగుతున్నది. పైకి ఇది ఇష్టాయిష్టాల తగాదాగా కనిపించినా, నవ్వు ఎక్కడి నుండి పుడుతుంది, అది ఎవరి మీద పడుతుంది అనే రెండు ప్రశ్నల చుట్టూనే ఈ చర్చ తిరుగుతుంది. ఆయా ధారావాహికల రచయితలు సైతం తమ కథలలోనే ఈ చర్చలో పాల్గొనటం దీని ప్రత్యేకత. ది సింప్సన్స్ లోని భారతీయ పాత్ర అపు గురించి 2017లో మొదలైన వివాదం వలన ఈ చర్చకు తెలుగువారితో కూడా సంబంధం ఏర్పడినది.

నేపథ్యం

అమెరికాలో రాత్రివేళ ముఖ్య సమయంలో ప్రసారమైన మొదటి యానిమేషన్ హాస్య ధారావాహిక ది ఫ్లింట్‌స్టోన్స్. హన్నా-బార్బెరా సంస్థ నిర్మించిన ఈ ధారావాహిక 1960 సెప్టెంబరు 30న ఏబీసీలో ప్రారంభమై, 1966 వరకు 166 ఎపిసోడ్లుగా ప్రసారమైనది. రాతియుగంలో నివసించే ఒక మధ్యతరగతి కుటుంబం కథ ఇది. దీని తరువాత చాలాకాలం పాటు యానిమేషన్ అంటే శనివారం ఉదయం పిల్లలు చూసే కార్యక్రమం అనే అభిప్రాయం స్థిరపడిపోయినది.

ఈ అభిప్రాయాన్ని మార్చినది ది సింప్సన్స్. మాట్ గ్రేనింగ్ సృష్టించిన ఈ కుటుంబం మొదట 1987 ఏప్రిల్ 19న ది ట్రేసీ ఉల్‌మన్ షో అనే కార్యక్రమం మధ్యలో చిన్న చిన్న ముక్కలుగా కనిపించినది. 1989 డిసెంబరు 17న ఫాక్స్ నెట్‌వర్కులో అరగంట ధారావాహికగా మొదలైనది. జేమ్స్ ఎల్. బ్రూక్స్, శామ్ సైమన్‌లు దీని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు.

దీని విజయం తరువాత ఇతర ఛానెళ్ళు కూడా ఇదే దారి పట్టాయి. 1993లో ఎంటీవీలో మైక్ జడ్జ్ సృష్టించిన బీవిస్ అండ్ బట్‌హెడ్ వచ్చినది. 1997 జనవరిలో మైక్ జడ్జ్, గ్రెగ్ డేనియల్స్ కలిసి రూపొందించిన కింగ్ ఆఫ్ ది హిల్ ఫాక్స్‌లో ప్రారంభమైనది. అదే సంవత్సరం ఆగస్టు 13న కామెడీ సెంట్రల్ ఛానెల్‌లో ట్రే పార్కర్, మాట్ స్టోన్‌ల సౌత్ పార్క్ మొదలైనది. 1999 జనవరి 31న సెత్ మెక్‌ఫార్లేన్ సృష్టించిన ఫ్యామిలీ గై, మార్చి 28న గ్రేనింగ్ రెండవ ధారావాహిక ఫ్యూచరామా ఫాక్స్‌లో ప్రవేశించాయి. ఈ విధంగా శతాబ్దం ముగిసేసరికి ఒకే ప్రేక్షకుడు ఒకే వారంలో నాలుగైదు వయోజన యానిమేషన్ ధారావాహికలు చూసే వీలు కలిగినది. పోలికలు మొదలవటానికి ఇదే ప్రధాన కారణం.

హాస్యానికి యానిమేషన్ కల్పించే సౌకర్యాలు

ఈ ధారావాహికలన్నింటికీ కొన్ని సమాన లక్షణాలు కలవు. మొదటిది, చాలావాటిలో పాత్రలకు వయసు పెరగదు. బార్ట్ సింప్సన్ 1989లోనూ పదేళ్ళ బాలుడే, నేటికీ పదేళ్ళ బాలుడే. అందువలన ఒక ధారావాహిక దశాబ్దాల తరబడి సాగగలదు. రెండవది, నటులతో తీసే కార్యక్రమంలో కొత్త ప్రదేశం చూపాలంటే సెట్టు వేయాలి, దుస్తులు కుట్టించాలి. బొమ్మలలో అయిదు సెకన్ల దృశ్యం కొరకు చంద్రలోకానికైనా వెళ్ళి రావచ్చు. మూడవది, నిజమైన నటుడు చేస్తే చూడలేని హింసను, అసభ్యతను బొమ్మ చేసినపుడు ప్రేక్షకుడు సహిస్తాడు. ఈ మూడు సౌకర్యాలలో ఎవరు దేనిని ఎక్కువ వాడుకొన్నారు అన్నదానిని బట్టి ఆయా ధారావాహికల హాస్యం వేరువేరు రూపాలు దాల్చినది.

ముఖ్య ధారావాహికల హాస్య పద్ధతులు

ది సింప్సన్స్

స్ప్రింగ్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణంలో హోమర్, మార్జ్, వారి పిల్లలు బార్ట్, లీసా, మాగీల జీవితం ఇందులోని కథావస్తువు. ఇందులోని హాస్యం ప్రధానంగా పాత్రల స్వభావం నుండి పుడుతుంది. 1993 మార్చి 11న ప్రసారమైన లాస్ట్ ఎగ్జిట్ టు స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఎపిసోడ్‌ను ఇందుకు ఉదాహరణగా చెప్పవచ్చు. అణు విద్యుత్ కేంద్రం కార్మికులు ఒక బీరు పీపాకు ఆశపడి, దంతవైద్య ఖర్చుల సౌకర్యాన్ని వదులుకోవటానికి సిద్ధమవుతారు. హోమర్ కూతురు లీసా పళ్ళకు క్లిప్పులు వేయించాలని అంతకు ముందే భార్య చెప్పి ఉంటుంది. ఈ రెండు విషయాలు హోమర్ బుర్రలో ఒకదాని తరువాత ఒకటి చాలాసేపు తిరుగుతాయి గానీ వాటి మధ్య సంబంధం అతనికి తట్టదు. ప్రేక్షకుడికి తెలిసినది హోమర్‌కు తెలియకపోవటమే అక్కడ నవ్వు. అదే సమయంలో ఒక తండ్రి బాధ్యత, ఒక కార్మిక సంఘం పోరాటం ఆ నవ్వుకు ఆధారంగా ఉన్నాయి.

దీనితో పాటు దుకాణాల బోర్డుల మీద రాతలు, ప్రారంభ దృశ్యంలో బార్ట్ నల్లబల్ల మీద రాసే వాక్యాలు, కుటుంబం సోఫాలో కూర్చునే తీరు వంటి చిన్న చిన్న చమత్కారాలు చాలా ఎపిసోడ్లలో ఉంటాయి. రెండవసారి చూసినపుడు గానీ కనపడని ఇటువంటి వివరాలను వెదికి పట్టుకోవటం అభిమానులకు ఇష్టమైన పని.

సౌత్ పార్క్

కొలరాడో రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో స్టాన్, కైల్, కార్ట్‌మన్, కెన్నీ అనే నలుగురు బాలుర కథ ఇది. మొదటి ఎపిసోడ్‌ను కాగితపు ముక్కలు కత్తిరించి తయారు చేశారు. తరువాతి వాటిని కంప్యూటరుపై, అదే మొరటు రూపం వచ్చేటట్లుగా తయారు చేస్తున్నారు. ఇందులోని హాస్యానికి ముఖ్య ఆధారం సమకాలీన సంఘటనలపై అధిక్షేపం. చాలా ఎపిసోడ్లను ప్రసారానికి ముందు ఆరు రోజులలోనే తయారు చేస్తారు. 2011లో వచ్చిన 6 డేస్ టు ఎయిర్ అనే డాక్యుమెంటరీ చిత్రం ఈ పద్ధతిని వివరించినది. ఈ వేగం వలననే, 2008 నవంబరు 4న బరాక్ ఒబామా అధ్యక్షుడిగా ఎన్నికైన మరునాడే, ఆ ఎన్నిక మీద అల్లిన ఎపిసోడ్ ప్రసారం కాగలిగినది.

పార్కర్, స్టోన్‌లు తమ కథారచనా సూత్రాన్ని విద్యార్థులకు వివరించిన సందర్భం కలదు. రెండు సన్నివేశాల మధ్య "ఆ తరువాత" అనే మాట మాత్రమే పెట్టగలిగితే ఆ కథ బలహీనమైనదని, "కాబట్టి" లేదా "కానీ" అనే మాట పెట్టగలగాలని వారి అభిప్రాయం. ఈ ధారావాహికలో బూతు, రోత ఎంత ఉన్నా కథ బిగువుగా ఉంటుందని అభిమానులు చెప్పటానికి ఈ సూత్రమే కారణం.

ఫ్యామిలీ గై

రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని క్వాహాగ్ అనే కల్పిత పట్టణంలో పీటర్ గ్రిఫిన్, అతని భార్య లోయిస్, పిల్లలు మెగ్, క్రిస్, స్టూయీ, మాటలాడే కుక్క బ్రయన్ ఇందులోని ముఖ్య పాత్రలు. ఈ ధారావాహిక పేరు వినగానే గుర్తుకు వచ్చేది కట్‌అవే అనే పద్ధతి. కథ నడుస్తుండగా ఒక పాత్ర ఏదో పాత సంఘటనను గుర్తు చేస్తుంది. వెంటనే కథ ఆగి, ఆ సంఘటన కొద్ది సెకన్ల దృశ్యంగా కనిపిస్తుంది. తరువాత కథ ఆగిన చోటి నుండి మళ్ళీ మొదలవుతుంది. చాలాసార్లు ఆ దృశ్యానికి అసలు కథతో ఏ సంబంధమూ ఉండదు. పాత టెలివిజన్ కార్యక్రమాలు, సినిమాలు, వాణిజ్య ప్రకటనలు, ప్రముఖ వ్యక్తులు ఈ దృశ్యాలకు ముడిసరుకు.

ఒకే చేష్టను విసుగు పుట్టేవరకు సాగదీసి, ఆ విసుగునే నవ్వుగా మార్చటం మరొక పద్ధతి. పీటర్ కిందపడి మోకాలు పట్టుకొని చాలాసేపు మూలిగే దృశ్యం, ఒక పెద్ద కోడితో అతను పదే పదే చేసే సుదీర్ఘ పోరాటాలు ఇందుకు ఉదాహరణలు. బ్రయన్, స్టూయీలు కలిసి ప్రయాణాలు చేసే ఎపిసోడ్లలో మాత్రం కథ, పాటలు, స్నేహం ముఖ్యమవుతాయి. ఫ్యామిలీ గై అభిమానులు తమ వాదనకు ఎక్కువగా వీటినే చూపిస్తారు.

కింగ్ ఆఫ్ ది హిల్, ఫ్యూచరామా

టెక్సస్ రాష్ట్రంలో ప్రొపేన్ గ్యాసు అమ్మే హ్యాంక్ హిల్ అనే సంప్రదాయవాది కుటుంబం కథ కింగ్ ఆఫ్ ది హిల్. ఇందులో అతిశయోక్తి బహు తక్కువ. తండ్రి కోరుకున్న విధంగా కొడుకు లేకపోవటం, ఇరుగుపొరుగువారి మొహమాటాలు వంటి మామూలు విషయాల నుండి నెమ్మదిగా హాస్యం పుడుతుంది.

ఫ్యూచరామా వెయ్యి సంవత్సరాల తరువాతి న్యూయార్క్‌లో జరిగే కథ. డేవిడ్ ఎక్స్. కోహెన్ దీని రూపకల్పనలో గ్రేనింగ్‌తో పాలుపంచుకొన్నాడు. దీని రచయితలలో గణితం, విజ్ఞానశాస్త్రం చదివినవారు కలరు. 2010లో వచ్చిన ది ప్రిజనర్ ఆఫ్ బెండా అనే ఎపిసోడ్‌లో పాత్రల మనసులు ఒకరి శరీరం నుండి మరొకరి శరీరంలోకి మారిపోతాయి. ఎంతమంది మధ్య మార్పిడి జరిగినా, అదనంగా ఇద్దరు మనుషులుంటే అందరినీ వారి వారి శరీరాలలోకి చేర్చవచ్చునని గణితంలో డాక్టరేటు పొందిన రచయిత కెన్ కీలర్ నిరూపించి, ఆ నిరూపణను కథలోనే వాడాడు.

అభిమానులు పోల్చే అంశాలు

అభిమానుల వాదనలలో తరచుగా కనిపించే కొలమానాలు ఇవి.

కథతో సంబంధం: ఒక హాస్యోక్తిని కథ నుండి తీసివేస్తే కథ దెబ్బతింటుందా అన్నది మొదటి ప్రశ్న. హోమర్ మతిమరుపును తీసివేస్తే పైన చెప్పిన ఎపిసోడ్ నిలబడదు. కట్‌అవే దృశ్యాన్ని తీసివేసి మరొకటి పెట్టినా కథ మారదు. ఫ్యామిలీ గైపై వచ్చే విమర్శలలో ఇది ప్రధానమైనది. నవ్వించటమే పని అయినపుడు కథతో ముడి ఎందుకు, నవ్వు వచ్చినదా లేదా అన్నదే ముఖ్యం అని దాని అభిమానులు సమాధానం చెబుతారు.

ప్రస్తావన హాస్యం: ఒక పాత సినిమానో, ప్రకటననో గుర్తు చేసి నవ్వించటాన్ని ఈ పేరుతో పిలవవచ్చు. ఇక్కడ ప్రేక్షకుడికి ఆ మూలం తెలిసి ఉండాలి. గుర్తు పట్టిన సంతోషాన్నే కొందరు హాస్యంగా భ్రమపడతారని విమర్శకుల వాదన. ది సింప్సన్స్ లోనూ ప్రస్తావనలు అధికంగానే ఉన్నాయి. అయితే మూలం తెలియనివారికి కూడా సన్నివేశం అర్థమయ్యేటట్లు అందులో రాస్తారని అభిమానులు చెబుతారు.

సమకాలీనత: సౌత్ పార్క్ వేగం దాని బలమూ, బలహీనతా కూడా. ఆ వారం వార్తలు తెలిసినవారికి అది చురుకుగా తగులుతుంది. పదేళ్ళ తరువాత చూసేవారికి అదే ఎపిసోడ్ వివరణ లేనిదే అర్థం కాకపోవచ్చు.

ఆర్ద్రత: నవ్వుతో పాటు కంటతడి పెట్టించగలగటం మరొక కొలమానం. తన యజమాని కొరకు ఎదురుచూసే కుక్క కథగా 2002 నవంబరులో వచ్చిన ఫ్యూచరామా ఎపిసోడ్ జురాసిక్ బార్క్ ఈ సందర్భంలో తరచు ప్రస్తావనకు వస్తుంది.

కాలక్రమంలో మార్పు: ది సింప్సన్స్ తొలి సీజన్లను స్వర్ణయుగంగా భావించే అభిమానులు అది ఎప్పుడు ముగిసినదో మాత్రం ఏకాభిప్రాయానికి రాలేదు. ప్రిన్సిపల్ స్కిన్నర్ అసలు స్కిన్నరే కాదని 1997 సెప్టెంబరులో చూపిన ఎపిసోడ్‌ను కొందరు హద్దుగా చెబుతారు. ఈ చర్చల నుండే ఫ్లాండరైజేషన్ అనే మాట పుట్టినది. ఒక పాత్రలోని పలు గుణాలలో ఒకటి మాత్రమే పెరిగి పెద్దదై, చివరకు ఆ పాత్ర మొత్తం ఆ గుణంగానే మిగిలిపోవటం దీని అర్థం. మొదట్లో మంచి పొరుగువాడుగా ఉండి, తరువాత కేవలం భక్తి ముదిరినవాడుగా మారిన నెడ్ ఫ్లాండర్స్ పాత్ర పేరు మీద ఈ మాట వచ్చినది.

ఒకదానిపై మరొకటి విసుర్లు

2002 జూన్ 26న ప్రసారమైన సౌత్ పార్క్ ఎపిసోడ్‌లో బట్టర్స్ అనే బాలుడు లోకాన్ని నాశనం చేయాలని పథకాలు వేస్తాడు. ప్రతి పథకాన్నీ ది సింప్సన్స్ లో ముందే చేసేశారని తెలిసి మతి చలించినంత పని అవుతుంది. తమకంటే ముందు వచ్చిన ధారావాహిక నీడ నుండి తప్పించుకోవటం ఎంత కష్టమో సౌత్ పార్క్ రచయితలు ఈ విధంగా ఒప్పుకొన్నారు.

ది సింప్సన్స్ రచయితలు ఫ్యామిలీ గైను తమకు అనుకరణగా ఎత్తిపొడిచారు. 2005 డిసెంబరులో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో నేరస్థుల చిత్రాలున్న పుస్తకంలో పీటర్ గ్రిఫిన్ బొమ్మ కనిపిస్తుంది. అతనిపై మోపిన నేరం గ్రంథచౌర్యం. మెక్‌ఫార్లేన్ రెండవ ధారావాహిక అమెరికన్ డాడ్ నాయకుడి బొమ్మ కింద ఆ చౌర్యానికి చౌర్యం అని రాసి ఉంటుంది.

వీటన్నింటిలో పెద్దది 2006 ఏప్రిల్ 5, 12 తేదీలలో రెండు భాగాలుగా వచ్చిన సౌత్ పార్క్ కథ కార్టూన్ వార్స్. అందులో కార్ట్‌మన్‌కు అందరూ ఒకే మాట చెబుతారు: అతని హాస్యం ఫ్యామిలీ గై లాగా ఉంటుందని. ఆ పోలిక భరించలేక అతను ఫ్యామిలీ గైను శాశ్వతంగా ఆపించటానికి బయలుదేరతాడు. ఆ ధారావాహికను రాసేది మనుషులు కాదని, తొట్టెలో ఉండే మనాటీలు అనే నీటి జంతువులని రెండవ భాగంలో బయటపడుతుంది. ఒక్కొక్క మాట రాసి ఉన్న బంతులను అవి ఇష్టం వచ్చిన క్రమంలో ఏరుతుంటే, ఆ మాటలు కలిపి కట్‌అవే దృశ్యాలు తయారవుతుంటాయి. కట్‌అవే పద్ధతిపై అంతవరకు వచ్చిన విమర్శలన్నీ ఈ ఒక్క దృశ్యంలో ఇమిడిపోయాయి. అయితే కథలో కైల్ మాత్రం ఫ్యామిలీ గైను ఆపటానికి వీలులేదని పోరాడతాడు. ఒక హాస్యం మనకు నచ్చకపోవటం వేరు, దానిని ఆపించటం వేరు అన్నది ఆ కథ సారాంశం. డెన్మార్క్ పత్రికలో 2005లో వచ్చిన మహమ్మదు ప్రవక్త వ్యంగ్య చిత్రాలపై ప్రపంచమంతటా ఆందోళనలు జరుగుతున్న సమయం అది. కథలో భాగంగా ప్రవక్త కనిపించవలసిన దృశ్యాన్ని కామెడీ సెంట్రల్ ప్రసారం చేయలేదు. దాని స్థానంలో ఒక ప్రకటన మాత్రమే తెరపై వచ్చినది.

2014 సెప్టెంబరు 28న ది సింప్సన్స్ గై అనే ఎపిసోడ్‌లో గ్రిఫిన్ కుటుంబం స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్ళి సింప్సన్ కుటుంబాన్ని కలుసుకొన్నది. ఇది ఫ్యామిలీ గై ఎపిసోడ్‌గా ప్రసారమైనది. హోమర్, పీటర్‌లు చాలాసేపు కొట్టుకోవటం, ఒకరి బీరు మరొకరి బీరుకు నకలు అన్న తగాదా కోర్టుకు ఎక్కటం ఇందులోని ముఖ్య ఘట్టాలు. అభిమానుల చర్చనే ఈ కథగా మలచారు.

అభిమానుల ప్రభావం

అభిమానుల ఇష్టాలు ఈ ధారావాహికల భవిష్యత్తును కూడా నిర్ణయించాయి. ఫ్యామిలీ గైను ఫాక్స్ 2002లో రద్దు చేసినది. 2003లో విడుదలైన డీవీడీలు విశేషంగా అమ్ముడుపోవటం, కార్టూన్ నెట్‌వర్క్ రాత్రివేళ విభాగమైన అడల్ట్ స్విమ్‌లో పునఃప్రసారాలకు మంచి ఆదరణ లభించటం వలన 2005 మే 1న అది మళ్ళీ ఫాక్స్‌లో మొదలైనది. తిరిగి వచ్చిన మొదటి ఎపిసోడ్ ఆరంభంలోనే, తాము లేని కాలంలో ఫాక్స్ ప్రారంభించి రద్దు చేసిన కార్యక్రమాల పేర్లన్నీ పీటర్ వరుసగా చదువుతాడు. 2009లో ఫ్యామిలీ గై ఉత్తమ హాస్య ధారావాహిక విభాగంలో ఎమ్మీ పురస్కారానికి నామినేట్ అయినది. ఆ విభాగంలో ఒక యానిమేషన్ ధారావాహిక నామినేట్ కావటం 1961లో ది ఫ్లింట్‌స్టోన్స్ తరువాత అదే మొదటిసారి.

ఫ్యూచరామా 2003లో ఆగిపోయి, డీవీడీ చిత్రాలుగా, తరువాత 2010 నుండి 2013 వరకు కామెడీ సెంట్రల్‌లో, 2023లో హులూలో తిరిగి ప్రాణం పోసుకొన్నది. కింగ్ ఆఫ్ ది హిల్ సైతం 2025 ఆగస్టులో హులూలో పునఃప్రారంభమైనది.

అభిమానులతో రచయితలకు గల చిక్కు సంబంధాన్ని 1997 ఫిబ్రవరి 9న ప్రసారమైన ది సింప్సన్స్ ఎపిసోడ్ చూపినది. ఎపిసోడ్ల సంఖ్యలో ది ఫ్లింట్‌స్టోన్స్‌ను ది సింప్సన్స్ దాటినది ఈ ఎపిసోడ్‌తోనే. ఇందులో కామిక్ పుస్తకాల దుకాణదారుడు ఒక కార్టూను కొత్త ఎపిసోడ్ బాగాలేదని ఆగ్రహిస్తాడు. ఇన్నేళ్ళు ఉచితంగా నవ్వించినవారు నీకు ఇంకేమి బాకీ ఉన్నారు అని బార్ట్ అడిగితే అతని వద్ద సమాధానం ఉండదు. అయితే అదే కథలో, కార్టూనుకు కొత్త పాత్రను బలవంతంగా జోడించిన అధికారులను కూడా రచయితలు వదలలేదు.

అపు పాత్ర వివాదం

నవ్వు ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్న అన్నింటికంటే గట్టిగా వినిపించినది అపు విషయంలో. 1990 ఫిబ్రవరిలో ది సింప్సన్స్ లో ప్రవేశించిన అపు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కిరాణా దుకాణం నడిపే భారతీయుడు. సత్యజిత్ రాయ్ చిత్రత్రయంలోని నాయకుడి పేరునే ఈ పాత్రకు పెట్టారు. దీనికి గాత్రం ఇచ్చిన హాంక్ అజారియా శ్వేతజాతి నటుడు. భారతీయుల ఆంగ్ల ఉచ్చారణను అతిశయింపజేసి మాటలాడటం ఈ పాత్ర హాస్యానికి ముఖ్య ఆధారం.

న్యూయార్క్‌లో జన్మించిన తెలుగు సంతతి హాస్య కళాకారుడు హరి కొండబోలు ఈ విషయంపై ది ప్రాబ్లం విత్ అపు అనే డాక్యుమెంటరీ చిత్రం నిర్మించాడు. ఇది 2017 నవంబరు 19న ప్రసారమైనది. కొండబోలు చిన్నతనం నుండి ది సింప్సన్స్ అభిమాని. తనకు ఇష్టమైన ధారావాహికలోని ఈ పాత్రనే పట్టుకొని తోటి పిల్లలు భారతీయ సంతతి పిల్లలను ఎగతాళి చేసేవారని, చాలాకాలం పాటు అమెరికా టెలివిజన్‌లో కనిపించిన భారతీయుడు అపు ఒక్కడేనని ఆయన వాదన. చిత్రంలో దక్షిణాసియా సంతతికి చెందిన పలువురు నటులు తమ అనుభవాలను చెప్పారు.

దీనిపై అభిమానులు రెండుగా చీలిపోయారు. అపు కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు పొందినవాడు, కష్టపడి పనిచేసే మంచివాడు, పైగా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్కాట్లండువారు, ఇటలీవారు సహా అందరూ మూస పాత్రలే గదా అని ఒక వర్గం వాదించినది. మిగతా జాతులవారికి తెరపై వేరే పాత్రలు కూడా ఉన్నాయని, భారతీయులకు ఈ ఒక్క బొమ్మే దక్కినదని, దాని గొంతు కూడా వారిది కాదని రెండవ వర్గం సమాధానం.

2018 ఏప్రిల్ 8న ది సింప్సన్స్ తన సమాధానం ఇచ్చినది. ఒకప్పుడు అందరూ మెచ్చుకొన్నది నేడు తప్పు అయినదని, ఏమి చేయగలమని లీసా చేత, అపు చిత్రం వైపు చూస్తూ, చెప్పించారు. ఎప్పుడూ న్యాయం వైపు మాటలాడే లీసా నోట ఆ మాట పలికించటాన్ని పలువురు అభిమానులే తప్పుపట్టారు. అదే సంవత్సరం అక్టోబరు 10న సౌత్ పార్క్ సైతం తన ఎపిసోడ్ పేరులోనే ఈ చిత్రం పేరును వెక్కిరించి వివాదంలోకి దిగినది. అజారియా 2020 జనవరిలో ఆ పాత్రకు ఇకపై గాత్రం ఇవ్వనని ప్రకటించాడు. శ్వేతజాతీయేతర పాత్రలకు శ్వేతజాతి నటుల గాత్రం ఉండదని అదే సంవత్సరం జూన్‌లో నిర్మాతలు తెలిపారు. 2021 ఏప్రిల్‌లో అజారియా ఒక పాడ్‌కాస్ట్‌లో భారతీయులకు క్షమాపణ చెప్పాడు.

ఈ సందర్భంలో కింగ్ ఆఫ్ ది హిల్ తో పోలిక ఉపయోగకరం. 1997లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో లావోస్ దేశం నుండి వచ్చిన కాన్ అనే కొత్త పొరుగువాడిని హ్యాంక్, అతని మిత్రులు నువ్వు చైనావాడివా, జపాన్‌వాడివా అని అడుగుతారు. లావోస్ అని ఎంత వివరించినా వారికి ఎక్కదు. ఇక్కడ నవ్వు పరాయివాడి మీద కాక అడిగినవారి అజ్ఞానం మీద పడుతుంది. అయినప్పటికీ కాన్‌కు కూడా మొదట శ్వేతజాతి నటుడే గాత్రం ఇచ్చాడు. 2025 పునఃప్రారంభంలో ఆ పాత్ర మలేసియాలో జన్మించిన రానీ చియెంగ్‌కు దక్కినది. హాస్యోక్తి న్యాయంగా ఉండటం, దానిని పలికే అవకాశం న్యాయంగా దక్కటం రెండూ వేరువేరు విషయాలని దీని వలన తెలుస్తున్నది.

తరువాతి తరం

2010 తరువాత వచ్చిన ధారావాహికలు ఈ పాత కొలమానాలకు కొత్తవాటిని చేర్చాయి. 2011లో మొదలైన బాబ్స్ బర్గర్స్ ఒకరినొకరు ప్రేమించుకొనే కుటుంబంతో కూడా కడుపుబ్బ నవ్వించవచ్చునని చూపినది. 2013లో వచ్చిన రిక్ అండ్ మోర్టీ వైజ్ఞానిక కల్పనను, నిరాశావాదాన్ని కలిపినది. 2014 నుండి 2020 వరకు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బోజాక్ హార్స్‌మన్ లో పాత్రలు గతాన్ని మరచిపోవు. ఒక ఎపిసోడ్‌లో చేసిన తప్పు తరువాతి సీజన్లలో కూడా వెంటాడుతుంది. ప్రతివారం అంతా మామూలు స్థితికి వచ్చే పాత పద్ధతికి ఇది పూర్తి విరుద్ధం.

పోలికలోని పరిమితులు

ఈ పోలికలకు కొన్ని హద్దులు కలవు. 2018 ఏప్రిల్ 29న ది సింప్సన్స్ 636వ ఎపిసోడ్‌తో గన్‌స్మోక్ అనే పాత ధారావాహిక రికార్డును దాటినది. ఇన్ని ఎపిసోడ్లున్న ధారావాహికకు ఒకే హాస్య పద్ధతిని అంటగట్టటం కష్టం. రచయితలు మారతారు, కాలం మారుతుంది. చాలామంది తాము యుక్తవయసులో చూసిన సీజన్లనే కొలబద్దగా తీసుకొంటారు. ఒక ధారావాహికలోని ఉత్తమ ఎపిసోడ్‌ను మరొకదానిలోని మామూలు ఎపిసోడ్‌తో పోల్చటం కూడా తరచుగా జరిగే పొరపాటు.

అమెరికా వెలుపలి ప్రేక్షకులకు మరొక అడ్డంకి కూడా ఉన్నది. 1980ల నాటి అమెరికా ప్రకటన మీద అల్లిన కట్‌అవే దృశ్యం ఆ ప్రకటన చూడనివారిని నవ్వించలేదు. తండ్రీకొడుకుల మధ్య మొహమాటం ఎక్కడివారికైనా అర్థమవుతుంది. కనుక ఏది ఎక్కువ నవ్వించినది అన్న ప్రశ్నకు ప్రేక్షకుడిని బట్టి సమాధానం మారుతుంది. నవ్వు దేని నుండి పుట్టినది, ఎవరి మీద పడినది అన్న ప్రశ్నలకు మాత్రం ఎపిసోడ్‌ను చూపి సమాధానం చెప్పవచ్చు. అభిమానుల చర్చలలో కాలానికి నిలిచినవి ఈ రెండవ రకానికి చెందినవే. కట్‌అవేపై విమర్శ కార్టూన్ వార్స్ కథగా మారినది. ఒక అభిమాని అడిగిన ప్రశ్న వలన 30 సంవత్సరాలు వినిపించిన ఒక గొంతు ఆగిపోయినది.